ఆవిరి షెడ్డు నేర్చుకున్న పేర్లు

మా అట్టల ఫ్యాక్టరీలో ఆవిరి షెడ్డు అని ఒకటి ఉండేది. అందులో పనిచేసే మగవాళ్ళు గడప దాటి లోపలికి అడుగుపెట్టాక ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకునేవారు కాదు. బయట బావా, తమ్మీ అని పొద్దంతా వేళాకోళాలు ఆడుకునేవాళ్ళు కూడా లోపలికి పోతే నోరు కట్టేసుకునేవారు. ఒకరితో ఒకరికి పనిపడితే ఆవిరిలో తడుముకుంటూ దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేసేవారు. చెయ్యి పడితేనే తిరిగి చూడాలి. ఉత్త గొంతు మాత్రమే వినిపిస్తే, ఎంత దగ్గరివాళ్ళ గొంతే అయినా, విననట్టే ఉండాలి.

ఇది డెబ్భైల మొదట్లోని సంగతి. పటాన్‌చెరులో బొంబాయి రోడ్డు పక్కన ఒక్కొక్కటిగా రేకుల షెడ్లు లేస్తున్న రోజులు. నేను గుమ్మడిదల నుంచి ఇంద్రేశానికి కోడలిగా వచ్చినదాన్ని. ఏడో తరగతి చదివానన్న మిడిసిపాటు కాస్త ఎక్కువే ఉండేది నాకు. ఫ్యాక్టరీ కట్టినప్పుడు మా మామ జొన్న చేను అందులో కలిసిపోయింది. చేనుకు బదులు ఇంటికొక నౌకరీ అన్నారు, ఆ నౌకరీ మా ఆయనకు వచ్చింది. నేను బయట ఎండలో పచ్చి అట్టలు ఆరబెట్టే ఆడవాళ్ళతో కూలికి పోయేదాన్ని. చేను ఎట్లాగూ పోయింది గనుక, నౌకరీ కూడా పోతే మళ్ళీ దొర ఇంట్లో జీతం ఉండటమే మాకు గతి. మా మామ బతుకంతా ఆ దొర కొట్టంలోనే తెల్లారింది. తన పెళ్ళాం ఆ ఇంట్లో పేడ ఎత్తగూడదని మా ఆయన పెళ్ళికి ముందే ఒట్టు పెట్టుకున్నాడు.

షెడ్డు సంగతి చెప్పాలి. కంది వైపు నుంచి బండ్లలో వచ్చే వరిగడ్డిని సున్నపు నీళ్ళతో కలిపి, ఇల్లంత ఇనుప గుండులో ఉడకబెట్టేవారు. ఆ గుండు మెల్లగా తిరుగుతూ ఉండేది. ఉడికిన గడ్డిని మూత తీసి కింద ఉన్న గుంతలోకి వదిలేవారు. మగవాళ్ళు గుంత నుంచి గడప దాకా వరుసగా నిలబడి, పారలతో ఆ గడ్డిని ఒకరి నుంచి ఒకరికి అందించుకుంటూ నలగ్గొట్టే మిషను దాకా చేర్చేవారు. గుంతకు అప్పట్లో గట్టు లేదు. మీద గడ్డి తెట్టులా పరుచుకుని ఉంటే నేల ఎక్కడ అయిపోయిందో, గుంత ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. అందులో కాలు జారితే మనిషి సున్నంలో ఉడికిపోతాడు. చలికాలం పొద్దున ఆవిరి రేకుల కింద గడ్డకట్టినట్టు ఆగిపోయేది. చాచిన చెయ్యి ఎవరిదివారికే కనిపించదు.

నేను కాపురానికి రాకముందు, ఫ్యాక్టరీ కొత్తలో, ఆ పారలవాళ్ళ ముఠాకు మేస్త్రీగా ఉన్న ఒక పెద్దమనిషి ఆ గుంతలో పోయాడు. పనిచేస్తూ చేస్తూ పార పక్కన పెట్టి, "ఆఁ, వస్తున్న" అన్నాడట. ఎవరో పిలిస్తే పోయినట్టే తిన్నగా నడిచి గుంతలోకి దిగిపోయాడట. పట్నం దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. పిలిచిందెవరని తర్వాత ముఠా అంతా ఒకరినొకరు అడిగారు. ఎవరూ పిలవలేదు. పిల్లల మీద ఒట్లు వేసుకున్నారు. కానీ పక్కనే ఉన్నవాళ్ళు ఆ పిలుపు విన్నారు. పేరుపెట్టి పిలిచిందట, నిదానంగా, అన్నానికి రమ్మన్నట్టు.

కనపడని గొంతు పిలిస్తే మూడుసార్లు పిలిచేదాకా పలకరాదని మా ఊళ్ళలో అందరికీ తెలుసు. కానీ ఇది మూడుకు ఆగలేదట. పిలుస్తూనే ఉందట. అందుకని ముఠా అంతకంటే గట్టి కట్టు పెట్టుకుంది. అసలు పేర్లే లోపలికి తీసుకుపోవద్దు. మేస్త్రీ పేరు పొద్దున లేస్తే అందరి నోళ్ళలోనూ నానుతుండేది గనుక షెడ్డుకు తెలిసిపోయింది. మిగిలినవాళ్ళ పేర్లు దానికి తెలియనీయొద్దు. ఈ ముచ్చట మొదటిసారి విన్నప్పుడు నేను ముసిముసిగా నవ్వాను. మా అత్త నా వైపు చూసిన చూపుకు ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

అట్లా నడుస్తుండగా కొత్త మేనేజరు వచ్చాడు. కృష్ణా జిల్లా మనిషి. కళ్ళజోడు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. పాత మేనేజరు మమ్మల్ని నంబర్లతోనే పిలిచేవాడు. నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళను పొద్దున మా అరచేతిలో వేసేటప్పుడు జానెడు పైనుంచి జారవిడిచేవాడు. మాది ఊరి చివరి వాడ. అట్లాంటివి మాకు అలవాటే. కొత్తాయన మాత్రం మంచివాడు. ఈ మాట ముందే చెప్పడం న్యాయం, ఎందుకంటే తర్వాత జరిగినదంతా ఆయన మంచితనం వల్లనే జరిగింది.

మద్రాసులో ఏదో శిక్షణకు పోయి వచ్చాడట. మనిషి నంబరు కాదని, పనివాణ్ణి పేరుపెట్టి పలకరిస్తే పని ఇంటి పనిలా సాగుతుందని అక్కడ చెప్పి పంపారట. వచ్చిన వారంలోనే గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఒక్కొక్కరి పేరూ అడిగాడు. ఎవరికి పెళ్ళయింది, ఎందరు పిల్లలు, ఎవరి తల్లికి బాగాలేదు, అన్నీ అడిగాడు. ఒకసారి వింటే మరిచిపోడు. నేను అట్టల కట్ట నెత్తిన పెట్టుకుని పోతుంటే ఆపి, మీ అత్తగారి దగ్గు తగ్గిందా అమ్మా అని అడిగాడు. అబద్ధమెందుకు, ఆ పూటంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఫ్యాక్టరీలో మమ్మల్ని అమ్మా అన్న మొదటి మనిషి ఆయనే.

మరునాటి నుంచి ఆయన పొద్దున్నే ఆవిరి షెడ్డు గడప మీద నిలబడి లోపలున్న ముఠాను వరుసగా పేర్లు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క పేరూ ముద్దుగా, స్పష్టంగా పలికేవాడు. లోపలికి మాత్రం అడుగుపెట్టేవాడు కాదు. లోపలినుంచి జవాబు వచ్చేది కాదు. వినపడలేదేమో అనుకుని మళ్ళీ పిలిచేవాడు, ఇంకోసారి పిలిచేవాడు. ఆ గొంతు పైకప్పు రేకులకు తగిలి గుంత వైపు నుంచి తిరిగి వచ్చేది. బయట అట్టలు పరుస్తున్న మాకు కూడా అది రెండు చోట్ల నుంచి వినిపించేది. మా చేతులు ఆగిపోయేవి.

మధ్యాహ్నం ముద్ద దగ్గర మగవాళ్ళు ఒకరికొకరు ఆనుకుని కూర్చునేవారు. సారుకు చెప్పరాదా అని నేనడిగితే ఎవరూ నా మొహం చూడలేదు. చదువుకున్న మనిషి, నవ్వుతాడని వాళ్ళ బాధ. ముఠాలో అందరికంటే పెద్దాయన, చనిపోయిన మేస్త్రీకి వరసకు తమ్ముడు, గడ్డి పరక విరుస్తూ ఒక్క మాట అన్నాడు.

"మంచి మనిషే. గానీ మన పేర్లన్నీ దానికి నేర్పుతుండు."

ఆ మాట నాకు ఇంటిదాకా వెంట వచ్చింది. కొన్నాళ్ళకు మా ఆయన ఇంటికి వచ్చి, జుట్టులోంచి సున్నపు నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా అరుగు మీద కూర్చున్నాడు. అన్నం పెడితే కలపలేదు. ఏమైందని అడగ్గా అడగ్గా చెప్పాడు.

"ఇయ్యాల సారు పట్నం పోయిండు. అయినా పిలిచిండు."

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ ఎవరినీ పిలవలేదు.

తర్వాత కంబళి చిరిగింది. మిషను మీద పచ్చి అట్టను మోసే కంబళి అది, బొంబాయి నుంచి రావాలి. ఆవిరి మితిమీరి వస్తోందని సారు గడప మీద నుంచి, ఆవిరి గొట్టం పక్కనున్న మా ఆయనను పేరుపెట్టి పిలిచాడట, తగ్గించమని. ఎన్నిసార్లు పిలిచినా మా ఆయన తిరగలేదు. చెయ్యి పడలేదు మరి. కంబళి కాలి చిరిగి పని ఆగిపోయింది. ఫ్యాక్టరీ సేటు, సంగారెడ్డి బజారులో ధాన్యం కొట్టు నడిపి ఎదిగిన మనిషి, వచ్చి మా అందరి ముందూ సారును తిట్టాడు. కూలోళ్ళను నెత్తికెక్కించుకుంటే ఇట్లాగే అవుతుందన్నాడు. సారు తల వంచుకుని విన్నాడు. సేటు పోయాక ముఠాను పిలిచి నిలబెట్టాడు. ఆయన మొహంలో కోపం కంటే నొప్పే ఎక్కువ కనిపించింది నాకు. మీ అందరి పేర్లూ నేర్చుకున్నాను, మీరు నాకు ఒక్క మాట కూడా ఇవ్వరా అన్నాడు. రేపటి నుంచి మొదటి పిలుపుకే పలకాలి, పలకనివాడు బిళ్ళ ఇచ్చేసి ఇంటికి పోవాలి అన్నాడు. పొద్దున మొదట పిలిచేది ఎవరినో కూడా చెప్పాడు. మా ఆయనను.

ఆ సాయంత్రం నేను పోతే పోనివ్వు అన్నాను. నౌకరీ లేకపోతే రాళ్ళు కొట్టుకుని బతుకుదాం అన్నాను.

"పలికితె మేస్త్రీ పోయిన తొవ్వ. పలకకపోతె నువ్వు దొర గడప తొక్కాలె," అన్నాడు మా ఆయన. "నేను పలుకుత."

నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. గడప తొక్కేది నేనైతే, దాని బరువు ఆయన ఎందుకు లెక్కపెట్టాలి? భయం ఎక్కువైతే నాకు కోపమే వస్తుంది, ఇప్పటికీ అంతే. పొద్దున ఆయన వెనకే ఫ్యాక్టరీకి పోయాను. చెరువు మీద నుంచి లేచిన మంచు రోడ్డునూ షెడ్లనూ కప్పేసింది. లోపలి ఆవిరి బయటికి వచ్చి ఆ మంచులో కలుస్తుంటే షెడ్డుకు గోడలే లేనట్టుంది. మా ఆయన గుంతకు దగ్గరగా, వరుసలో చివరన నిలబడటానికి లోపలికి పోయాడు. నేను అట్టల దగ్గరికి పోకుండా గడప దగ్గర ఆగాను. కాసేపటికి సారు వచ్చాడు.

ఆయన నోరు తెరవకముందే నేను అడ్డం పోయాను. మేస్త్రీ చావు మొదలుకుని పట్నం పోయిన రోజు వినిపించిన పిలుపు దాకా గబగబా చెప్పేశాను. ఆయన నవ్వలేదు. విన్నాడు.

"లోపట పేరుపెట్టి పిలవకుండ్రి సార్. మీకు పనిబడితె పోయి భుజం ముట్టుండ్రి. వాళ్ళు అట్లనే పిలుచుకుంటరు."

"ముట్టుకోవాలా?" అన్నాడాయన.

అన్నాక ఆయన మొహం ఎర్రబడింది. ఆ మాట తన నోటినుంచి అట్లా వస్తుందని ఆయనే అనుకోలేదు. మా వాడ ఏదో ఆయనకు తెలుసు. మా అత్త దగ్గు తెలుసు, మా మరిది పెళ్ళి తెలుసు, ఇన్ని నెలల్లో ఆయన చెయ్యి మాత్రం మాలో ఒక్కరికీ తగలలేదు. ఇత్తడి బిళ్ళను ఆయన కూడా జారవిడిచేవాడే, కాకపోతే నవ్వుతూ జారవిడిచేవాడు. నేను ఆయన నోటి వైపే చూస్తూ నిలబడ్డాను, ఏమంటాడో అని.

అప్పుడు లోపలి నుంచి మా ఆయనను ఎవరో పిలిచారు.

అది సారు గొంతు. అదే ముద్దుతనం, అదే స్పష్టత. గుంత వైపు నుంచి వచ్చింది. సారు పెదవులు మూసే ఉన్నాయి. నేను వాటినే చూస్తున్నాను గనుక ఎవరు ఎక్కడ అడిగినా ఒట్టేసి చెప్పగలను.

"ఆఁ సార్, వస్తున్న," అని లోపల మా ఆయన పలికాడు.

నేను అరిచాను. నలగ్గొట్టే మిషను మోత నా అరుపును మింగేసింది. ఆ పిలుపును మాత్రం మింగలేదు. అది మళ్ళీ పిలిచింది, ఇటు రా అన్నట్టు. సారు కూడా అరవడానికి నోరు తెరిచి, టక్కున మూసుకున్నాడు. ఎందుకు మూసుకున్నాడో నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. తాను ఏమరిచినా అదే గొంతు. ఏది తనదో, ఏది దానిదో లోపలున్న మనిషికి ఎట్లా తెలుస్తుంది?

ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, బూట్లతోనే లోపలికి పోయాడు. రెండడుగులకే ఆవిరి ఆయనను మూసేసింది. ఆ తర్వాతది ముఠావాళ్ళు చెప్పినది. ముందు ఆయన చేతికి గడప పక్కనున్న పెద్దాయన వీపు తగిలింది. మెత్తటి చెయ్యి. అది తమవాళ్ళది కాదని పెద్దాయనకు తెలిసింది, ఎవరి కోసం వచ్చిందో కూడా తెలిసింది. ఆ ఆవిరిలో గుంత దాకా పరుగెత్తే తోవ లేదు. పెద్దాయన వెంటనే తన ముందువాడి భుజం పట్టి నొక్కాడు. వాడు తన ముందువాణ్ణి. వరుస పొడుగునా చేతి నుంచి చేతికి ఆ నొక్కు పోయింది. ఏ మనిషీ ఆవిరిలో అంత జల్దీ నడవలేడు. చివరకు మా ఆయన పక్కన నిలబడ్డవాడు చెయ్యి చాచేసరికి ఆయన భుజం అందింది. అప్పటికే ఒక పాదం గడ్డిలోకి దిగింది. వెనక్కి గుంజితే ఇద్దరూ వెల్లకిలా పడ్డారు.

మా ఆయన నొప్పితో పెట్టిన కేక నాకు వినిపించింది. బతికున్న మనిషి కేక అది. నేను గడప పట్టుకుని కూలబడ్డాను.

పిలుపు ఆగలేదు. మా ఆయన పేరు వదిలేసి, ముఠాలో ఒక్కొక్కరినీ పిలవడం మొదలుపెట్టింది. సారు పొద్దున్నే పిలిచే వరుసలోనే, ఆయన గొంతుతోనే. మిషను ఆపేశారు. ఇప్పుడు అది బయటున్న ఆడవాళ్ళకు కూడా వినిపిస్తోంది. ఎవరూ పలకలేదు. ఆవిరిలో అందరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని కదలకుండా నిలబడ్డారట, మధ్యలో సారు. ఒక్కో పేరు వచ్చినప్పుడల్లా ఆ మనిషి ఒళ్ళు ముందుకు తూగేదట, రెండు వైపులా చేతులు బిగిసేవట. పేర్లన్నీ అయిపోయాయి. కాస్త ఊరుకుంది.

తర్వాత ఇంకో పేరు పిలిచింది. అది మా ముఠాలో ఎవరిదీ కాదు. పెద్ద పేరు కూడా కాదు, ఇంట్లో పసివాణ్ణి పిలుచుకునే పేరు. ఈసారి గొంతు సారుది కాదు. ఆడమనిషిది.

సారు అడుగు వేశాడు. పక్కనున్నవాళ్ళు పట్టుకున్నా విదిలించుకుని పోబోయాడట. కింద కూర్చుని కాలు పట్టుకుని మూలుగుతున్న మా ఆయన సారు నడుమును, తర్వాత భుజాన్ని దొరకబుచ్చుకుని, తన బరువంతా వేసి వేలాడాడు. ఆ గొంతు చాలాసేపు పిలిచి, అలిసిపోయినట్టు ఆగిపోయింది. మా పేర్లంటే ఆయన నేర్పాడు. ఆయన పేరు దానికి ఎవరు నేర్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒకరినొకరు పట్టుకునే బయటికి వచ్చారు. మంచు విడిపోయి ఎండ పడుతోంది. మా ఆయన పాదం తోలు ఊడిపోయింది. నేను నీళ్ళు పోస్తుంటే పళ్ళు బిగపట్టి కూర్చున్నాడు. సారు ఆయన పక్కనే నేల మీద, ఆ బురదలోనే చతికిలబడ్డాడు. తెల్లచొక్కా భుజం మీద సున్నపు చేతి ముద్రలు. మా ఆయన నడుముకు కట్టుకున్న ఇత్తడి బిళ్ళ విప్పి ఆయన ముందు పెట్టాడు, పలికిన తర్వాత కూడా నౌకరీ ఉందో లేదో తెలియక. సారు దాన్ని తీసి, మా ఆయన అరచెయ్యి తెరిచి, అందులో పెట్టి, ఆ చేతిని రెండు చేతులతో మూశాడు. మూసిన చేతులు తియ్యలేదు.

అట్లా పట్టుకునే ఆ పేరు సంగతి మాతో చెప్పాడు. అది వాళ్ళమ్మ పిలిచే పేరట. ఆమె ఆయన చిన్నప్పుడే పోయింది. ఇప్పుడు ఆ పేరు తెలిసినవాళ్ళు లోకంలో ఎవరూ లేరట. చెప్తూ చెప్తూ ఏడ్చాడు. మేనేజరు ఏడవడం మేము చూడటం అదే మొదలు, ఎటు చూడాలో తెలియక పెద్దాయన తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"అది మళ్ళీ పిలుస్తుంది," అన్నాడు సారు. "పిలిస్తే నేను వెళ్ళిపోతానని నాకు తెలుసు. నన్ను వెళ్ళనివ్వకండి."

మా ఆయన ఆ చేతుల వైపు చూస్తూ, "పోనియ్యం సార్," అన్నాడు.